ఎనిమిది మొలల మీద చిన్నప్పటి కిట్టు

రిపేరు బెంచీ దగ్గర కూర్చునే టెక్నీషియన్ ఎవరినైనా కదిపి చూడండి. ఈ పనిలోకి ఎలా వచ్చావంటే చదువు సంగతి ఆఖర్న చెబుతాడు. ముందు చెప్పేది చిన్నప్పటి కిట్టు గురించే. స్ప్రింగుల సందుల్లో వైర్లు దూర్చే కిట్టో, పాడైన రేడియో విప్పి ఆ పార్టులతోనే కట్టిన బజరో, ఏదో ఒకటి ఉంటుంది. చెబుతున్నంతసేపూ అతని వేళ్లు గాల్లోనే రెసిస్టర్ కాళ్లు వంచేస్తుంటాయి.

నాదీ ఆ కోవే. పగలంతా నేను చేసేది ఎక్కువగా బోర్డులు మార్చడం. పోయిన మాడ్యూల్ తీయడం, కొత్తది బిగించడం, స్క్రూలన్నీ తిరిగి ఎక్కాయో లేదో చూసుకోవడం. పార్టు దాకా వెళ్లి రిపేరు చేద్దామన్నా, ఎస్ఎండీ (బోర్డు మీద నేరుగా అతికించే బుల్లి పార్టు) మీది అక్షరాలు భూతద్దం లేనిదే కనపడవు. అందుకని అప్పుడప్పుడూ చేతి దురద తీర్చుకోవడానికి పాత పద్ధతిలో ఒక సర్క్యూట్ కడుతుంటాను. ఏం కట్టాలా అని వెతుక్కోను. ఎప్పుడూ ఒకటే: రెండు ట్రాన్సిస్టర్లు, రెండు ఎల్‌ఈడీలు, ఒకటి ఆరగానే ఇంకొకటి వెలిగే బ్లింకర్. దాన్ని అందరూ బొమ్మ కిందే లెక్కగట్టి వదిలేస్తారు. అదే సర్క్యూట్‌లో కొన్ని పార్టులు మారిస్తే రేడియో మెకానిక్ జేబులో పెట్టుకు తిరిగే సిగ్నల్ ఇంజెక్టర్ అవుతుంది, అంటే సెట్‌లోకి కీచు సిగ్నల్ పంపి తప్పు ఎక్కడుందో పట్టుకునే పనిముట్టు. చిన్నప్పుడు లైటు వెలిగిందని గంతులేసి అక్కడే ఆగిపోయాం. ఈసారి చివరిదాకా వెళదాం.

555 ఐసీ పెడితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది కదా అంటారు. అయిపోతుంది, నిజమే. 1972లో ఆ ఐసీ బజారులోకి వచ్చినప్పటి నుంచీ బ్లింకర్ అంటే దాదాపు అదే. కాకపోతే జరిగే తమాషా అంతా ఆ నల్ల పెంకు లోపల జరిగిపోతుంది. మీటరు ముల్లు పెట్టి చూద్దామంటే లోపలికి దారి లేదు. ఇక్కడ ప్రతి పాయింటూ బయటే ఉంటుంది.

పార్టులు

బీసీ547 ట్రాన్సిస్టర్లు రెండు. ఎల్‌ఈడీలు రెండు, ఒకే రంగువి అయితే మేలు. 330 ఓమ్స్ రెసిస్టర్లు రెండు (నారింజ, నారింజ, గోధుమ). 47 కిలో ఓమ్స్ రెండు (పసుపు, ఊదా, నారింజ). 10 మైక్రోఫారడ్, 16 వోల్టుల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు రెండు. తర్వాత ప్రయోగాలకి 100 మైక్రోఫారడ్‌వి రెండు, 10 నానోఫారడ్‌వి రెండు మూడు, 2.2 కిలో ఓమ్స్ రెసిస్టర్లు రెండు పక్కన పెట్టుకోండి. పాత బోర్డులోంచి పీకినవైతే ఇంకా మంచిది, కాకపోతే పీకిన ఎలక్ట్రోలిటిక్‌ని నమ్మకండి. ఎండిపోయి ఉంటుంది. అది మాత్రం కొత్తది వేయండి.

కరెంటు కోసం నాలుగు పెన్సిల్ సెల్స్, అంటే 6 వోల్టులు. పాత కిట్లలో చాలావాటికి 9 వోల్టుల బ్యాటరీ వాడేవాళ్లం, అది పని చేసేది కూడా. అయితే ఈ సర్క్యూట్‌లో ఒక ట్రాన్సిస్టర్ ఆన్ అయిన క్షణంలో రెండో దాని బేస్ (ట్రాన్సిస్టర్‌ని ఆన్, ఆఫ్ చేసే కాలు) సున్నా కంటే కిందికి, మైనస్‌లోకి పడిపోతుంది. బీసీ547 డేటాషీట్‌లో ఎమిటర్, బేస్ మధ్య రివర్స్ వోల్టేజీ 6 వోల్టులు దాటకూడదని ఉంటుంది. 9 వోల్టులు ఇస్తే ఆ గీత దాటే అవకాశం ఉంది. 6 వోల్టులతో ఆ టెన్షనే లేదు.

బోర్డు వద్దు, చెక్క ముక్క చాలు

బ్రెడ్‌బోర్డు నాకు పడదు. అదురు తగిలితే కాంటాక్ట్ పోతుంది, తప్పు సర్క్యూట్‌లో ఉందో బోర్డులో ఉందో తెలియక గంట పోతుంది. నేర్చుకునే పనికి నా ఓటు చెక్క ముక్కకే. అరచేయంత మెత్తటి చెక్క తీసుకుని, కాగితం మీద సర్క్యూట్ పెద్దగా గీసి దాని మీద అంటించండి. వైర్లు కలిసే చోటల్లా ఒక ఇత్తడి మొల కొట్టండి. ఇనుప మొల మీద లెడ్డు (అతుకు వేసే సోల్డరు) సరిగ్గా అంటదు, ఇత్తడే కావాలి. ఈ సర్క్యూట్‌కి సరిగ్గా ఎనిమిది మొలలు పడతాయి.

పైన మధ్యలో ఒకటి, అది ప్లస్. కింద మధ్యలో ఒకటి, అది మైనస్. ఎడమ అంచున పైనా కిందా రెండు. పైది ఎల్‌ఈడీ, 330 ఓమ్స్ కలిసే చోటు, కిందది మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్. కుడి అంచున కూడా అలాగే రెండు. మిగిలిన రెండు లోపలివైపు పక్కపక్కన కొట్టండి, అవి రెండు బేస్‌లు. గీసిన బొమ్మా కట్టిన సర్క్యూటూ ఒకే ఆకారంలో ఉంటాయి కాబట్టి, ఎక్కడ ఏముందో వెతుక్కోనక్కర్లేదు. పక్కన పిల్లలుంటే ఈ ఒక్క కారణం చేతే వాళ్లకి సర్క్యూట్ చదవడం వచ్చేస్తుంది.

మొలల్ని గరుకు కాగితంతో రుద్ది, పార్టులు పెట్టకముందే ఒక్కోదానికీ లెడ్డు పూత వేయండి. మొల లోహం వేడిని లాగేస్తుంది, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో కాస్త ఓపిక పట్టాలి. 40 వాట్లది ఉంటే హాయి. 63/37 లెడ్డు (63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం) 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. సీసం లేనిదైతే 217 దాటాలి, అందుకే దానితో కొత్తవాళ్లు ఇబ్బంది పడతారు. ఎక్కువ మంది చేసే పని ఏమిటంటే, లెడ్డుని ఐరన్ కొనకి తాకించి, కరిగిన బొట్టుని తెచ్చి జాయింట్ మీద పెట్టడం. దారిలోనే రోజిన్ (లెడ్డు అంటుకోవడానికి అందులో ఉండే జిగురు) పొగైపోతుంది, బొట్టు ఉండగట్టి మొల మీద ఊరికే కూర్చుంటుంది. ఐరన్ మొలకి ఒకవైపు ఆనించండి. లెడ్డుని రెండోవైపు నుంచి మొలకే తాకించండి. మొల తగినంత వేడెక్కిన క్షణాన లెడ్డు తనంతట తానే మొల చుట్టూ పాకి పల్చగా మెరుస్తుంది. లెడ్డు ముందు తీయండి, ఐరన్ తర్వాత. మెరుపు గట్టిపడేదాకా కదపకండి. కిటికీ తీసి ఉంచండి. ఆ రోజిన్ వాసన మన తరానికి ఎంత ముద్దయినా ఊపిరితిత్తులకి మంచిది కాదు. సీసం లెడ్డు ముట్టుకున్న చేతులు కడుక్కున్నాకే అన్నం.

కట్టే వరస

ముందు రెసిస్టర్లు. 47 కిలో ఓమ్స్ రెండూ ప్లస్ మొల నుంచి చెరో బేస్ మొలకి. 330 ఓమ్స్ రెండూ అంచు మొలల మధ్య, పైదాని నుంచి కలెక్టర్‌కి. తర్వాత ఎల్‌ఈడీలు: పొడుగు కాలు ప్లస్ మొలకి, పొట్టి కాలు అంచు మీది పై మొలకి.

ట్రాన్సిస్టర్ దగ్గర కాస్త ఆగండి. బీసీ547 చదును ముఖం మీవైపు, కాళ్లు కిందికి పెట్టి పట్టుకుంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. అదే 2ఎన్3904 అయితే ఎమిటర్, బేస్, కలెక్టర్. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, డబ్బాలో కలిసిపోతే నంబరు చదవకుండా పెట్టేస్తారు. తిరగేసి పెట్టినా ట్రాన్సిస్టర్ ఎంతో కొంత పని చేస్తుంది, అదే అసలు చిక్కు. పూర్తిగా చచ్చిపోతే పట్టుకోవచ్చు. అరకొరగా పని చేసేదాన్ని పట్టుకోవడం కష్టం. ఎమిటర్లు రెండూ మైనస్ మొలకి, మిగతా కాళ్లు వాటి వాటి మొలలకి వెళ్లాలి.

చివరికి కెపాసిటర్లు, ఈ సర్క్యూట్ ప్రాణమంతా వాటిలోనే ఉంది. మొదటి కలెక్టర్ నుంచి రెండో బేస్‌కి ఒకటి, రెండో కలెక్టర్ నుంచి మొదటి బేస్‌కి ఇంకొకటి. రెండూ ఒకదాన్నొకటి దాటుతూ వెళతాయి కాబట్టి ఒకదాని కాళ్లకి వైరు తొడుగు తొడగండి. ప్లస్ కాలు రెండింటికీ కలెక్టర్ వైపే ఉండాలి.

సెల్స్ పెట్టండి. అంతా సరిగ్గా ఉంటే లైట్లు సెకనుకి రెండుసార్లకు కాస్త అటూ ఇటూగా మారుతూ ఉంటాయి.

వెలగలేదా?

సంతోషించండి. కిట్టుతో మనకి అబ్బిన విద్యలో సగం ఇక్కడే అబ్బింది. పిల్లలు కట్టింది అయితే, చేయి చాచి సరిచేసేయాలన్న ఆత్రాన్ని మాత్రం ఆపుకోండి. మీటరు వాళ్ల చేతికివ్వండి.

రెండూ ఆరిపోయి ఉంటే సెల్స్, మైనస్ వైరు, ఎమిటర్ల కనెక్షన్ చూడండి. ఒక్కటే వెలిగి అలాగే ఉండిపోతే, వెలగని వైపు సంగతి చూడాలి: ఆ ట్రాన్సిస్టర్ బేస్‌కి 47 కిలో ఓమ్స్ సరిగ్గా అంటుకుందా, ఎల్‌ఈడీ తిరగబడిందా. రెండూ కదలకుండా వెలుగుతుంటే కెపాసిటర్లలో ఒకటి తగలడం లేదు. ఒక ట్రాన్సిస్టర్‌ని ఆఫ్ చేసేది ఎదుటివైపు కెపాసిటరే. అది లేకపోతే ఆఫ్ చేసే నాథుడు లేక రెండూ ఆన్‌లోనే కూర్చుంటాయి.

ఇంకో తమాషా ఉంది. కెపాసిటర్లు రెండూ బాగున్నా, సప్లై మెల్లగా పెంచుతూ ఇస్తే రెండు ట్రాన్సిస్టర్లూ ఒకేసారి ఆన్ అయిపోయి అలాగే ఉండిపోవచ్చు. అప్పుడు వైరు ముక్కతో ఒక బేస్ మొలనీ మైనస్ మొలనీ ఒక్క క్షణం కలిపి వదిలేయండి. ఆ తోపుతో మొదలైపోతుంది.

ఇప్పుడు మీటరు పెట్టండి

వెలిగిన తర్వాత ఫోటో తీసుకుని పక్కన పెట్టేస్తే ఇంత శ్రమా దండగ. 10 మైక్రోఫారడ్‌ల స్థానంలో 100 మైక్రోఫారడ్‌లు వేయండి. ఒక్కో లైటు రెండున్నర సెకన్లకు అటూ ఇటూగా వెలుగుతుంది, డిజిటల్ మీటరు కూడా వెంబడించగలిగేంత నెమ్మది అది. మీటరు నల్ల ముల్లు మైనస్ మొలకి, ఎర్ర ముల్లు ఒక బేస్‌కి పెట్టి చూడండి. అది ఆఫ్ అవగానే అంకె ముందు మైనస్ గుర్తు వస్తుంది. మైనస్ 3, 4 వోల్టుల మధ్యకి పడిపోయి, అక్కడి నుంచి మెల్లగా పైకి పాకుతుంది. మైనస్ రెండు, మైనస్ ఒకటి, సున్నా, 0.3, 0.5. సరిగ్గా 0.6 దాటే చోట టక్కున లైట్లు మారతాయి, మీటరు ఆగిపోతుంది. సెల్స్ మైనస్‌కే నల్ల ముల్లు పెట్టినప్పుడు సర్క్యూట్‌లో అంతకంటే కింద వోల్టేజీ ఎక్కడి నుంచి వచ్చిందని అడగండి, మీ పక్కనున్న కుర్రాణ్ణి గానీ మిమ్మల్ని మీరు గానీ. ఛార్జ్ అయి ఉన్న కెపాసిటర్ ప్లస్ కాలుని ఎదుటి ట్రాన్సిస్టర్ ఒక్కసారిగా సున్నాకి లాగితే, రెండో కాలు అంతే ఎత్తు కిందికి దిగక తప్పదు. ఈ ఒక్క సంగతి చేత్తో చూసినవాడికి చార్జ్ పంపులు, ఎస్‌ఎంపీఎస్‌లు (స్విచింగ్ పవర్ సప్లైలు) తర్వాత్తర్వాత భయపెట్టవు.

పుస్తకాల్లో ఒక్కో వైపు సమయానికి 0.69 × ఆర్ × సీ అని ఉంటుంది. 47 కిలో ఓమ్స్, 100 మైక్రోఫారడ్‌కి 3.2 సెకన్లు రావాలి. మీకు అంతకంటే తక్కువే వస్తుంది. ఎల్‌ఈడీ తన వాటా వోల్టేజీ మింగడం వల్ల కలెక్టర్ పూర్తి 6 వోల్టుల దాకా లేవదు, బేస్ కూడా అంత లోతుకి పడదు, అందుకే తొందరగా తేలుతుంది. కెపాసిటర్ మీద రాసిన విలువలో 20 శాతం అటూ ఇటూ ఉండటం దీనికి అదనం.

ఒకవైపు 10, ఇంకోవైపు 100 మైక్రోఫారడ్ వేసి చూడండి. ఒక లైటు తళుక్కుమని, ఇంకోటి తాపీగా వెలుగుతుంది. ఏ కెపాసిటర్ ఏ లైటుని శాసిస్తుందో ముందే చెప్పి, తర్వాత వేయడం ఒక పందెం.

ఆ తర్వాత రెండు చోట్లా 10 నానోఫారడ్. లైట్లు రెండూ కాస్త మసకగా, ఆగకుండా వెలుగుతున్నట్టే కనిపిస్తాయి. కలెక్టర్ల మధ్య ఒక పీజో డిస్కు పెట్టండి, 2 కిలోహెర్ట్జ్‌కి కాస్త అటూ ఇటూగా కీచు వినిపిస్తుంది. వేలు తడిచేసి 47 కిలో ఓమ్స్ రెసిస్టర్ రెండు కొసల మీదా ఒకేసారి ఆనిస్తే స్వరం పైకి లేస్తుంది, గట్టిగా నొక్కేకొద్దీ ఇంకా లేస్తుంది. 47 కిలో ఓమ్స్ తీసి ఎల్‌డీఆర్ (వెలుతురుని బట్టి ఓమ్స్ మారే రెసిస్టర్), దాంతో వరసగా 10 కిలో ఓమ్స్ పెడితే చేతి నీడతో పాట పాడించవచ్చు. ఇంట్లోవాళ్లు ఎక్కువసేపు సహించరు.

బొమ్మ పనిముట్టు కావడం

రెండు ట్రాన్సిస్టర్ల ఈ అమరిక మొదట కవాటాలతో (వాక్యూమ్ ట్యూబులతో) పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాన్స్‌లో ఆబ్రాం, బ్లాక్ అనే ఇద్దరు దీన్ని కట్టి 1919లో ప్రచురించారు. వాళ్లకి కావాల్సింది మినుకుమినుకుమనే దీపాలు కాదు, హార్మోనిక్స్. నిటారుగా లేచి పడే తరంగంలో అసలు ఫ్రీక్వెన్సీతో పాటు దానికి రెట్టింపు, మూడింతలు, అలా వందల రెట్ల దాకా ఫ్రీక్వెన్సీలు ఉంటాయి. వాటితో వాళ్లు రేడియో తరంగాలని కొలిచే పరికరాలని సరిచూసుకున్నారు. మన పని కూడా వాటితోనే.

ఎల్‌ఈడీలు, 330 ఓమ్స్ తీసేయండి. ప్లస్ నుంచి కలెక్టర్లకి నేరుగా 2.2 కిలో ఓమ్స్ వేయండి. బేస్‌లకి 47 కిలో ఓమ్స్, కెపాసిటర్లు 10 నానోఫారడ్ అలాగే ఉంచండి. నాలుగు సెల్స్ బదులు ఒక్కటే, 1.5 వోల్టులు చాలు. ఒక కలెక్టర్ నుంచి ఇంకో 10 నానోఫారడ్ ద్వారా ఒక సూది బయటికి తీయండి. ఈ కెపాసిటర్ మాత్రం 400 వోల్టులకి తగ్గనిది వేయండి, అవతలి సెట్‌లోని డీసీని ఆపేది ఇదే. మైనస్‌కి వైరు, చివర మొసలి క్లిప్పు. చెక్క మీద సరిచూసుకున్నాక జనరల్ పర్పస్ బోర్డు ముక్క మీదికి మార్చి లావు మార్కర్ పెన్ను గొట్టంలో దూర్చేయవచ్చు.

రేడియో సెట్ మూగబోయిందనుకోండి. సెల్స్‌తో నడిచే సెట్‌కే దీన్ని వాడండి. కరెంటు ప్లగ్గు ఉన్న ఎస్‌ఎంపీఎస్ సెట్లలో ప్రైమరీ వైపు దీని జోలికి పోవద్దు, క్లిప్పు పెట్టిన మరుక్షణం మీ చేతిలోని మైనస్ వైరు మెయిన్స్‌కి ముడిపడుతుంది.

క్లిప్పు సెట్ మైనస్‌కి పెట్టండి. వెనక నుంచి ముందుకి వెళ్లాలి. స్పీకరు దగ్గర ఇంజెక్టర్ పనికిరాదు, 10 నానోఫారడ్ లోంచి వచ్చేది 8 ఓమ్స్‌ని కదిలించలేదు. స్పీకరుకి ఒక పెన్సిల్ సెల్ తాకించి తీయండి, టక్‌మంటే బాగున్నట్టే. తర్వాత సూదిని ఆడియో డ్రైవర్ బేస్‌కి, అక్కడి నుంచి వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలికి తీసుకురండి. కీచు గట్టిగా రావాలి. అక్కడ వస్తే ఆడియో భాగం మొత్తం పాసైనట్టు.

ఇక ఐఎఫ్ (ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ, ఏ స్టేషన్‌నైనా సెట్ లోపల మార్చుకునే ఒకే మధ్య ఫ్రీక్వెన్సీ) ట్రాన్సిస్టర్ బేస్‌కి పెట్టండి. ఇక్కడికి వచ్చేసరికి చాలామంది నమ్మరు. ఐఎఫ్ 455 కిలోహెర్ట్జ్, మన కీచు (ఒక్క సెల్ మీద) ఒక కిలోహెర్ట్జ్‌కి కాస్త పైన, ఇది అందులోంచి ఎలా దాటుతుందంటారు. దాటేది ఆ కీచు కాదు, దానికి నాలుగు వందల రెట్ల దగ్గరున్న హార్మోనిక్స్. అవి ఒకదానికొకటి కీచు ఫ్రీక్వెన్సీ అంత ఎడంలో ఉంటాయి, ఐఎఫ్ గేటులోంచి కొన్ని ఒకేసారి దూరతాయి. డిటెక్టర్‌లో (రేడియో తరంగంలోంచి శబ్దాన్ని వేరుచేసే భాగంలో) అవి ఒకదానితో ఒకటి కలిసి మళ్లీ ఆ కీచునే బయటికి తెస్తాయి. డిటెక్టర్ కూడా పని చేస్తోందని దాంతోనే తేలిపోతుంది. మొదటి ఐఎఫ్ నుంచి మిక్సర్ బేస్‌కి, ఆఖర్న యాంటెన్నా కాయిల్‌కి రండి. ముందుకు వెళ్లేకొద్దీ యాంప్లిఫికేషన్ తోడై శబ్దం పెరగాలి, లేదా కనీసం తగ్గకూడదు.

ఎక్కడో ఒక చోట కీచు ఆగిపోతుంది, లేదా ఒక్కసారిగా పడిపోతుంది. అంతకుముందు వినిపించిన పాయింటుకీ దీనికీ మధ్యనున్న పార్టులు మహా అయితే ఐదారు. ఇంజెక్టర్ పక్కన పెట్టి, ముందు ఆ ట్రాన్సిస్టర్ బేస్, ఎమిటర్ మధ్య వోల్టేజీ చూడండి. సిలికాన్ అయితే 0.6 దగ్గర, పాత జర్మేనియం అయితే 0.2 దగ్గర ఉండాలి. అది సరిగ్గా ఉంటే కలెక్టర్‌కి సప్లై వస్తోందో లేదో, ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట తెగిందో లేదో, అప్పుడు కొలవండి.